ఇంటి కొనుగోళ్లకూ కంపారిటివ్ స్టేట్‌మెంట్

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం డిసెంబరు 17న మనం కలుసుకుంటున్నాము. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ యజమాని దయతో పడేసే బిచ్చం కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. సరిగ్గా వారానికి, అంటే 24వ తేదీన, జాతీయ వినియోగదారుల దినోత్సవం. 1986లో ఆ రోజే వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. పెన్షన్ రావడం ఒక ఎత్తు, వచ్చినది సరిగ్గా ఖర్చు కావడం ఇంకొక ఎత్తు. మొదటి దాని గురించి, డి.ఆర్. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడటానికి నాకన్నా సమర్థులు ఇక్కడ ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను రెండో దాని గురించి చెప్పమన్నారు. ఒకే వస్తువుకు దుకాణంలో ఒక ధర, సెల్‌ఫోనులో ఒక ధర, కంపెనీ అచ్చు వేసిన పట్టికలో మరొక ధర ఎందుకుంటుంది, మనం దేనిని లెక్కలోకి తీసుకోవాలి అన్నది నాకిచ్చిన విషయం.

నేను 1974లో మహబూబ్‌నగర్‌లో ఎల్.డి.సి.గా చేరాను. 1982లో పరస్పర బదిలీ మీద సొంత జిల్లా నల్గొండకు వచ్చి, 2008లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో సగానికి పైగా స్టోర్సు, కొనుగోళ్ల సీటులోనే గడిచింది. ఆ సీటులో కూర్చున్న వాళ్లు ఈ సభలో ఇంకా నలుగురైదుగురు కనిపిస్తున్నారు. వారికి నేను చెప్పేది కొత్త కాదు. మూడు కొటేషన్లు తెప్పించడం, కవర్లు తెరవడం, ఒక పెద్ద కాగితం మీద గీతలు కొట్టి కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారు చేయడం, అందరికన్నా తక్కువ కోట్ చేసిన వారి పేరు కింద ఎర్ర సిరాతో గీత పెట్టడం మన పని.

ఆ కాగితం విలువ నాకు మొదట నేర్పింది మహబూబ్‌నగర్‌లోని మా సూపరింటెండెంటు గారు. ఆఫీసుకు సీలింగ్ ఫ్యాన్లు కావలసి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ డి.జి.ఎస్. అండ్ డి. వారి రేటు కాంట్రాక్టు పట్టికలో ఉన్న ధర, ఊళ్లో డీలరు చెప్పిన ధర కన్నా ఫ్యానుకు ముప్పై రూపాయలు తక్కువ. నేను సంతోషంగా నోట్ పెట్టాను. ఆయన మార్జిన్‌లో ఒకే మాట రాసి వెనక్కి పంపారు: "మన గోడ దగ్గరకు చేరేసరికి ఎంత?" పట్టికలో చిన్న అక్షరాలతో ఎఫ్.ఓ.ఆర్. డిస్పాచింగ్ స్టేషన్ అని ఉంది. అంటే అక్కడ రైలెక్కించే వరకే ఆ ధర. రైలు కిరాయి మనది. మహబూబ్‌నగర్ స్టేషను నుంచి ఆఫీసుకు బండి కిరాయి మనది. దారిలో రెక్క వంగితే క్లెయిము కోసం ఉత్తరాలు రాసే పనీ మనదే. అవన్నీ కలిపి మళ్లీ లెక్క వేస్తే ఊళ్లో డీలరే చౌక. ఆ డి.జి.ఎస్. అండ్ డి. 2017 అక్టోబరు 31న మూతపడింది. దానికి ఏడాది ముందే, 2016లో, జెమ్ అనే ఆన్‌లైన్ అంగడి వచ్చింది. అయితే మార్జిన్‌లో ఆయన రాసిన ప్రశ్న మాత్రం నాకు ఈనాటికీ పనికి వస్తూనే ఉంది, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతి తరువాత చెబుతాను.

క్యాటలాగు అనగానే మన తరం వారికి వి.పి. గుర్తుకు రావాలి. పత్రికల్లో చివరి పేజీల ప్రకటనలు, "ఉచిత క్యాటలాగుకు వ్రాయండి" అనే మాట మరిచిపోయారా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్తరాది కంపెనీ ఒకటి పంపిన క్యాటలాగు చూసి చేతి గడియారానికి ఆర్డరు రాశాను. అందులో ధర 65 రూపాయలు. పోస్టాఫీసుకు పార్సెలు వచ్చేసరికి ప్యాకింగు, పోస్టేజీ, వి.పి. కమిషను కలిపి 74 అయింది. విప్పి చూస్తానంటే పోస్టుమ్యాన్ నవ్వి, "సారూ, పైసలు కట్టినంకనే విప్పాలె" అన్నాడు. కట్టి విప్పాను. అద్దం మీద గీత ఉంది. పది రోజులకు ముల్లు ఆగింది. మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇప్పుడు మన మనవళ్లు క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నది దాదాపు ఆ వి.పి.యే. తేడా ఏమిటంటే ఇప్పుడు జవాబు చెప్పవలసిన బాధ్యత చట్టంలో రాసి ఉంది.

ఎం.ఆర్.పి. గురించి రెండు మాటలు. 1990కి ముందు పెట్టెల మీద ధర వేసి, పక్కన "స్థానిక పన్నులు అదనం" అని ఉండేది. ఆ అదనం ఎంత అన్నది దుకాణదారుడి నోటి మాట. 1990లో నిబంధన మార్చి, అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధరనే ముద్రించాలన్నారు. గరిష్ఠ ధర అంటే అంతకు మించి అమ్మకూడదని అర్థం, అంతకే అమ్మాలని కాదు. బస్టాండులో నీళ్ల సీసాకు "కూలింగు చార్జీ" అని రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటే అది తప్పు. ఫ్రిజ్‌లో పెట్టినందుకు వేరే ఛార్జీ లేదు. ఒకే సరుకు మీద రెండు చోట్ల రెండు ఎం.ఆర్.పి.లు ముద్రించడాన్ని కూడా 2018 జనవరి 1 నుంచి నిషేధించారు. అదే రోజు నుంచి ఆన్‌లైన్‌లో అమ్మేవారు సైతం ఎం.ఆర్.పి.ని, తయారీదారు వివరాలను తెర మీద చూపాలి.

ఇక్కడే ఫోనులోని కనికట్టు ఉంది. ఎం.ఆర్.పి.ని కొట్టివేసి, దాని పక్కన సగం ధర వేసి, యాభై శాతం తగ్గింపు అని పచ్చ అక్షరాలతో చూపుతారు. ఆ ఎం.ఆర్.పి.కి ఆ వస్తువును ఏ ఊళ్లోనైనా ఎవరైనా కొన్నారా అన్నది ఎవరూ అడగరు. తగ్గింపు శాతానికి మన స్టేట్‌మెంటులో కాలమ్ లేదు. కట్టవలసిన మొత్తానికే ఉంది.

ఇక నా సంగతి. 2024 మే నెలలో మా ఇంట్లో పద్నాలుగేళ్ల ఫ్రిజ్ ఒక మంగళవారం ఉదయం ఆగిపోయింది. మన జిల్లాలో మే నెల అంటే చెప్పనవసరం లేదు. మా ఇంటావిడకు చక్కెర వ్యాధి. పదకొండేళ్లుగా ఇన్సులిన్ వాడుతున్నది. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మా ఇంట్లో ఫ్రిజ్ ఉన్నది ముఖ్యంగా అందుకే, చల్లని నీళ్లకు కాదు.

గడియారం సెంటరు దగ్గర నాకు నలభై ఏళ్లుగా తెలిసిన దుకాణం ఒకటుంది. 1986లో ఎన్జీవోల సమ్మె నాడు జీతాలు ఆగినప్పుడు ఇప్పటి యజమాని తండ్రి నా ఖాతాను నాలుగు నెలలు అడగకుండా వదిలేశాడు. నేను అక్కడికే పోయి అడిగాను. 24,800 చెప్పాడు. ఇంటికి వచ్చి హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఫోను చేస్తే, అదే కంపెనీ, అదే లీటర్లు 21,400కే ఉన్నదని చెప్పాడు. నేను తిరిగి దుకాణానికి పోయి, నలుగురు గిరాకీల ముందు అన్నాను:

"మూడు వేల నాలుగు వందలు ఎక్కువ చెప్తున్నవు సేటూ. మీ నాయన ఉంటే ఇట్ల చేసేటోడా?"

అతను కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత, "సారూ, ఫోన్ల ఉన్న ధర నాతోని కాదు. అయిదు వందలు తగ్గిస్త. పాతదానికి రెండు వేలు పట్టుకుంట. పొద్దుగూకే వరకు మీ మేడ మీద పెట్టించి కరెంటు ఇస్త" అన్నాడు. నేను వినలేదు. ఇంటావిడ, "మందు కరాబైతది, ఇయ్యాల్నే తెచ్చుకుందాం" అన్నది. ఆమె మాటా వినలేదు. ముప్పై నాలుగేళ్లు సర్కారు సొమ్ము కాపాడినవాణ్ణి, నా సొమ్ము మూడు వేలు పోనిస్తానా అనుకున్నాను. ఆ రోజు కాగితం మీద గీతలు కొట్టలేదు. రెండు అంకెలు చూసి తీసివేత చేశాను, అంతే.

ఇప్పుడు ఆ కాగితం మీకు చదివి వినిపిస్తాను. తెర మీది 21,400లో ఒక బ్యాంకు కార్డుకు మాత్రమే ఇచ్చే 1,500 తగ్గింపు కలిసి ఉంది. మా వాడి కార్డు ఆ బ్యాంకుది కాదు. కనుక 22,900. పెద్ద వస్తువు చేర్చినందుకు 250. అదనపు గ్యారంటీ అని ఒక గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది, మా వాడు చూడలేదు. దానికి 799. తెచ్చినవాళ్లు గేటు దగ్గర దింపి, మేడ ఎక్కించడం మా పని కాదన్నారు. ఇద్దరు హమాలీలకు 300. పాత ఫ్రిజ్ మార్పిడి మా పిన్‌కోడుకు లేదట. కబాడీ అతను 600 ఇచ్చాడు. కూడికలు, తీసివేతలు చేస్తే 23,649. సేటు చెప్పినది 24,300లో పాతదానికి రెండు వేలు పోను 22,300, మేడ మీద పెట్టడంతో సహా. నేను చౌక అనుకున్నది 1,349 రూపాయలు ప్రియం.

అది డబ్బు సంగతి. రోజుల సంగతి వేరే. ఆరో రోజున పార్సెలు వచ్చింది. తలుపు పక్కన సొట్ట పడి రబ్బరు సరిగ్గా మూసుకోవడం లేదు. ఫోటోలు పంపి, వాపసు ఇచ్చి, రెండోది వచ్చేసరికి పదమూడో రోజు. ఈలోగా ఇన్సులిన్ సీసాలు పక్కింటి వారి ఫ్రిజ్‌లో పెట్టాము. రోజూ ఉదయం, రాత్రి ఇంటావిడ గిన్నె పట్టుకొని వాళ్ల గడప ఎక్కేది. ఎనిమిదో రోజున వాళ్లు దేవరకొండకు పెళ్లికి పోతూ సీసాలు తెచ్చి మా చేతికిచ్చారు. కొత్త కుండలో తడి ఇసుక పోసి అందులో పెట్టాము. ఒక మధ్యాహ్నం ఇసుక ఎండిపోయినది మేము చూసుకోలేదు. ఆ మందే ఆమె రెండు రోజులు తీసుకున్నది. మూడో రోజు కళ్లు తిరిగి కూర్చుండిపోతే ఆసుపత్రికి తీసుకుపోయాను. చక్కెర 380 ఉంది. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "మందు ఎక్కడ పెడుతున్నారు?" అని. నేను ఆఫీసులో ఎన్నో ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు రాసినవాణ్ణి, దానికి మాత్రం రాలేదు. రెండు రోజులు ఉంచుకొని పంపించారు. ఆ బిల్లు 6,800. దానిని ఏ కాలమ్‌లో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అదనపు గ్యారంటీ 799 గురించి మాత్రం ఊరుకోలేదు. 1915 నంబరుకు ఫోను చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. పదహారు రోజులకు 799 వాపసు వచ్చింది. 2020 జులైలో వచ్చిన ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ముందే టిక్కు పెట్టి మన అంగీకారం తీసుకోకూడదు. రవాణా, పన్ను అన్నీ కలిపిన మొత్తం ధరను ఒకే అంకెగా, దాని విడివిడి లెక్కతో పాటు చూపాలి. కొనేవాడికి తెలియకుండా బుట్టలో అదనపు సరుకు వేయడాన్ని, చివరి మెట్టు వరకు కొన్ని ఛార్జీలను దాచి ఉంచడాన్ని కూడా 2023 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చి నిషేధించింది. ఆ 799 తీసివేసినా నా కొనుగోలు ఇంకా 550 ప్రియమే అని మనవి.

ఇదంతా విని ఫోనులో కొనకూడదని నేను చెబుతున్నాననుకోకండి. మన సంఘంలోనే ఒక సోదరి, కుటుంబ పెన్షన్ మీద ఉన్నవారు, వినికిడి యంత్రం కోసం పోతే దుకాణంలో 45,000 అన్నారు. ఆమె మనవరాలు ఫోనులో అదే కంపెనీ, అదే మోడల్ నంబరు 28,000కు చూపించింది. వాళ్లు తొందరపడలేదు. ఆ తెరను దుకాణదారుడి ముందు పెట్టారు. చెవికి సరిపెట్టడం, ఏడాదిపాటు సరిచేయడం కలిపి 31,000కు ఒప్పించారు. వినికిడి యంత్రాన్ని చెవికి తగినట్టు సరిపెట్టకపోతే పెట్టెలో పడి ఉంటుంది, కనుక ఆ మూడు వేలు దండగ కాదు. ఫోనులోని ధరను నేను చేసినట్టు తిట్టడానికి వాడకుండా, కొటేషనుగా వాడిన తీరు ఇది. ఆమె టెన్త్ క్లాసు కూడా చదవలేదు.

మోడల్ నంబరు చివరి అక్షరం దాకా చూడాలి. ఒక్క అక్షరం తేడాతో లోపలి మోటారు మారుతుంది. ఫ్రిజ్‌లు, ఏ.సి.ల మీది నక్షత్రాల చీటీకి కూడా కాలపరిమితి ముద్రించి ఉంటుంది. 2023 జనవరిలో ఫ్రిజ్‌ల కొలమానం బిగించారు కాబట్టి, అంతకు ముందటి అయిదు నక్షత్రాలు, ఆ తరువాతి అయిదు నక్షత్రాలు ఒకటి కావు. చౌకగా వచ్చేది పాత సరుకేమో చూసుకోవాలి.

చీరల దగ్గర ఈ తేడా ఇంకా పెద్దది. పోచంపల్లి, నారాయణపేట, గద్వాల. జిల్లాలు విడగొట్టక ముందు ఈ మూడూ మన రెండు జిల్లాలవే. పోచంపల్లిలో మగ్గం దగ్గర వేలల్లో చెప్పే చీర ఫోనులో ఎనిమిది వందలకు కనిపిస్తుంది. అది ఒకే వస్తువుకు రెండు ధరలు కాదు, రెండు వస్తువులు. పేరు పక్కన "ప్రింట్" అనో "డిజైన్" అనో ఒక చిన్న మాట ఉంటుంది. నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దిన చీర రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, అంచుల్లో రంగు కొంచెం చెదిరినట్టు ఉంటుంది. అచ్చు వేసినది వెనక వైపు వెలవెలబోతుంది. ఫోటోలో వెనక వైపు చూపరు. మన మనవరాళ్ల పెళ్లిళ్లకు కొనేటప్పుడు బస్సు కిరాయి పెట్టుకొని మగ్గం దగ్గరకే పోవడం నాకు మంచిదనిపిస్తుంది. అది నా అభిప్రాయం మాత్రమే. మా కోడలు ఒప్పుకోదు.

మందుల విషయం మనందరికీ దగ్గరిది. పెట్టె మీది ఎం.ఆర్.పి. ఎక్కడైనా ఒకటే, తగ్గింపు మాత్రం ఊళ్లో ఒక దుకాణంలో పది శాతం, ఇంకొక దానిలో పదిహేను, ఫోనులో ఇరవై. రోజూ వేసుకునే బి.పి. బిళ్లలకు ఫోను మంచిదే, వారం ముందు ఆర్డరు పెట్టగలిగితే. జన ఔషధి దుకాణాల్లో బ్రాండు పేరు లేకుండా అదే మందు ఇంకా చౌకగా దొరుకుతుంది. డాక్టరు గారిని అడిగి, చీటీ మీద మందు అసలు పేరు రాయించుకోండి. ఇన్సులిన్ మాత్రం ఎండాకాలంలో ఎవరి సంచిలోనో ఎన్ని గంటలు తిరిగి వస్తుందో తెలియదు. నేను ఇప్పుడు దానిని ఊళ్లో ఫ్రిజ్ కళ్లారా చూసిన దుకాణంలోనే, ఐసు పెట్టిన డబ్బాలో తెచ్చుకుంటున్నాను. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ రోజుల్లో పాత ముద్ర, కొత్త ధర ఒకే పెట్టె మీద కనిపించాయి. బిల్లు అడిగిన వారికి తగ్గింది.

బిల్లు అంటే గుర్తొచ్చింది. తెల్ల చీటీ మీద రాసిస్తే "కొంచెం తగ్గిస్త" అంటారు. 2019 చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, అది లేకపోతే ముప్పై రోజుల్లోగా వాపసు తీసుకోవాలి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే ముద్రకు లోపమున్న సరుకు విషయంలో బలం లేదు. ఫోనులో కొన్నా సరే, కంపెనీ బెంగళూరులో ఉన్నా సరే, మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల వరకు ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. నోట్ ఫైల్ రాసిన చేతులకు ఫిర్యాదు రాయడం ఎంత పని!

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన తరువాత రెండు నెలలు నేను గడియారం సెంటరులో అవతలి పక్క నుంచి నడిచాను. ఒక రోజు సేటే రోడ్డు దాటి వచ్చి, "అమ్మ ఎట్లున్నరు సారూ?" అన్నాడు. ఫ్రిజ్ మాట ఎత్తలేదు. నేనే ఎత్తి, నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే తప్పు ఒప్పుకున్నాను. టీ తెప్పించాడు. మొన్న మిక్సీ కొన్నప్పుడు మాత్రం ఫోనులో చూపించి బేరం చేశాను, వంద తగ్గించాడు.

నా కంపారిటివ్ స్టేట్‌మెంట్ నమూనాను జిరాక్సు తీయించి వెనక బల్ల మీద ఉంచాను. మోడల్ నంబరు, తెర మీది ధర, కార్డు షరతు, రవాణా, మేడ ఎక్కించడం, పాతదాని ధర, చేరే రోజు, చెడితే ఎవరు వస్తారు అన్న కాలమ్‌లు ఉన్నాయి. మా ఇంటావిడ అది చూసి, పెన్సిలుతో చివర ఇంకొకటి గీసింది: "అప్పటిదాకా ఎట్ల?" దానిని కూడా జిరాక్సులో అట్లాగే ఉంచాను. కాగితాలు నూరే ఉన్నాయి, ఇంటికొకటి చొప్పున తీసుకోగలరు.